చల్లబడని కిరసనాయిలు పెట్టె

పని మానేసిన తర్వాత నాకు దక్కిన పెద్ద సుఖం ఏమిటంటే, "ఇది గ్యారంటీలో ఉందా లేదా?" అని నన్నిప్పుడు ఎవరూ అడగరు. పొద్దున కాఫీ తాగుతుంటే తలుపు తట్టి చెడిపోయిన వస్తువును గడప మీద పెట్టేవాళ్ళు లేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంటుంది.

అయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే, ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లల కోసం. నా జీతం ఎప్పుడు పెరిగిందో, నన్ను హెడ్ మేస్త్రీ ఎవరు చేశారో చెప్పను. వాటి వల్ల మీకు ఉపయోగం లేదు, నాకే పెద్దగా లేకపోయింది. ఈ ఉద్యోగం నిజానికి ఏమిటో, దాన్ని నేను ఎక్కడ నేర్చుకున్నానో చెప్తాను.

పుల్లయ్య గారి వరస

నేను నంద్యాలలో సర్వీసు మేస్త్రీగా చేరేనాటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. మా కొట్టులో రేడియోలు, కుట్టు మిషన్లు, గ్యాసులైట్లు అమ్మేవాళ్ళం. తర్వాత కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్‌లు కూడా తెచ్చాం. అమ్మిన వస్తువు గడువులోపల చెడిపోతే నేను వెళ్ళాలి. బాగు చేయడం ఒక ఎత్తు. ఆ ఖర్చు కంపెనీ భరించాలా, మా కొట్టు భరించాలా, కొన్న మనిషి భరించాలా అన్నది తేల్చుకుని రావడం ఇంకో ఎత్తు. స్క్రూడ్రైవరు పట్టడం ఆరు నెలల్లో వచ్చేసింది. ఈ రెండోది రావడానికి ఏళ్ళు పట్టింది.

మా యజమాని పుల్లయ్య గారు. మనిషి గట్టివాడు, నోరు ఇంకా గట్టిది. నేను చేరిన కొత్తలో ఆయన నాకు ఒక వరస చెప్పారు. మొదట వస్తువుకు ఏమైందో చూడాలి. ఆ తర్వాత తప్పు ఎవరిదో చూడాలి. దుడ్ల మాట ఆఖర్న ఎత్తాలి. ఇప్పటి కుర్రాళ్ళు దీన్ని తలకిందులు చేస్తున్నారు. గడప దాటగానే "ఖర్చవుతుంది సార్" అంటారు. ఆ మాట విన్నాక ఆ ఇంట్లో ఎవరూ నిజం చెప్పరు. వస్తువుకు ఏమైందో చెప్తే తమ మీదకే వస్తుందని నోరు కట్టేసుకుంటారు.

రుద్రవరంలో ఒక రెడ్డి గారు రేడియో బ్యాటరీ నీరసించిందని దాన్ని మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండబెట్టారు. ఎండకు అది ఉబ్బి కారి, రేడియో అడుగంతా తినేసింది. మొదటే దుడ్ల మాట ఎత్తి ఉంటే ఆయన ఈ సంగతి చచ్చినా చెప్పేవారు కాదు. మజ్జిగ తాగుతూ రేడియోలో ఏం వింటారని అడిగాను, ఆయనే నవ్వుతూ చెప్పేశారు. ఖర్చులో సగం మేము, సగం ఆయన భరించాం, ఇద్దరికీ కడుపు మండలేదు.

అన్నీ అంత సులభంగా తెగవు. ఆళ్లగడ్డ ఫ్రిజ్ సంగతి చెప్తే మీకు అర్థమవుతుంది.

నంద్యాలలో మంచు, ఆళ్లగడ్డలో వెచ్చన

ఆళ్లగడ్డలో రంగయ్య శెట్టికి మందుల షాపు ఉండేది. ముందర షాపు, వెనక ఇల్లు. ఆయన తల్లి కొండమ్మ గారికి చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. ఆ మందు వేడికి చెడిపోతుంది. అప్పటికి ఆ వీధికి కరెంటు రాలేదు. కుండలో ఇసుక పోసి, తడిపి, మధ్యలో మందు సీసాలు దాచేవాళ్ళు. చలికాలం అది సరిపోయేది. ముందటి ఎండాకాలం మాత్రం మందు లోలోపలే చెడిపోయింది. సూది వేస్తూనే ఉన్నారు, ఒంట్లో చక్కెర పెరుగుతూనే ఉంది. ఒకరోజు ఆమె పెరట్లో పడిపోయింది. బస్సులో కర్నూలు తీసుకుపోయి పెద్దాసుపత్రిలో పెడితే బతికింది.

కర్నూలులో ఆమె కూతురు ఉంది. ఎండలు వచ్చేలోపల అమ్మ నా దగ్గరికి వచ్చేయాలి, ఇక ఇక్కడే ఉండాలి అని ఆ కూతురు పట్టుబట్టింది. కొండమ్మ గారికి ఆళ్లగడ్డ వదలడం చావుతో సమానం. ఆమె పెనిమిటి కట్టించిన ఇల్లది. ఆమెను ఇంట్లోనే నిలుపుకోవాలని శెట్టి మా దగ్గర కిరసనాయిలు ఫ్రిజ్ కొన్నాడు. అడుగున చిన్న దీపం వెలుగుతూ ఉంటే పైన మంచు కట్టే పెట్టె. ఆ దీపం ఉంది కాబట్టి దాన్ని ఇంటికి ఆగ్నేయం మూల గదిలో పెట్టించాడు. అగ్ని ఉన్నది ఆగ్నేయంలోనే ఉండాలి గదా.

మా కొట్టు మనుషులే వెళ్ళి దింపి పెట్టి వచ్చారు. రెండు రోజులు కాస్త చల్లబడింది. మూడో రోజుకు లోపల చెయ్యి పెడితే బీరువాలో చెయ్యి పెట్టినట్టే ఉంది. నేను వెళ్ళాను. వత్తి కత్తిరించాను, పొగగొట్టం ఊడ్చాను, మంట నీలంగా వచ్చేలా సరిచేశాను. ఫలితం లేదు. లారీలో నంద్యాల తెచ్చాం. మా షెడ్డులో వెలిగించిన మర్నాటికి గిన్నెలో నీళ్ళు రాయిలా గడ్డకట్టాయి. సంతోషంగా తిరిగి పంపాం. ఆళ్లగడ్డలో దించిన మూడో రోజుకు మళ్ళీ వెచ్చబడింది. మళ్ళీ తెచ్చాం, మళ్ళీ మంచు. మళ్ళీ పంపాం, మళ్ళీ అదే కథ.

మా షెడ్డులో అందరికీ అది వేళాకోళమైంది. పుట్టింట్లో నవ్వుతూ ఉంటుంది, అత్తగారింట్లో మూతి ముడుచుకుంటుంది అనేవారు. శెట్టికి మాత్రం నవ్వు రాలేదు. నన్ను షాపు బయటే నిలబెట్టి అడిగాడు.

"నంద్యాల్లో మంచు కడతాది, ఈడికొస్తే కట్టదు. ఏం ఆట ఆడతాండారప్పా నాతో? మా యమ్మ పానం మీకు ఆటగా ఉండాదా?"

జవాబు లేనప్పుడు నోరు మూసుకోవడమే మంచిదని నాకు తెలుసు. ఈ పనిలో అది కూడా ఒక పనిముట్టే.

మద్రాసు ఇంజనీరు తీర్పు

మా ఉత్తరాలు చూసి కంపెనీ మద్రాసు నుంచి ఒక ఇంజనీరును పంపింది. చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు, కానీ సాయంత్రం రైలు అందుకోవాలన్న తొందర ఆయన కళ్ళలోనే కనిపించేది. ఫ్రిజ్ తెరిచాడు, వెనక గొట్టాలు తట్టాడు, కిరసనాయిలు వాసన చూశాడు. నూనె కల్తీది అన్నాడు. పెట్టెలోనే లోపం ఉండి ఉంటే నంద్యాలలో ఎలా పనిచేస్తుందని నన్నే అడిగాడు. చివరికి తేల్చిందేమిటంటే, లారీ కుదుపులకు, చెడ్డ నూనెకు లోపలి గొట్టాల అమరిక పాడైంది. దాన్ని మార్చాలి. అది కొన్నవారి వాడకం వల్ల వచ్చింది కాబట్టి గ్యారంటీ కిందికి రాదు. కొత్త అమరిక ఖరీదు ఫ్రిజ్ ధరలో దాదాపు సగం.

ఆ మాటకు శెట్టి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కొండమ్మ గారు తలుపు చాటు నుంచి అంతా విన్నది. బయటికి వచ్చి, కోపం లేకుండా చెప్పింది.

"ఆ పెట్టెను ఎత్తకపోండి నాయనా. నా కోసరం వాడు అప్పులు జేసేది వద్దు. నేను కర్నూలుకు, పాప దగ్గరికి పోతా."

ఆ రాత్రికి నంద్యాల చేరాను. మర్నాడు పుల్లయ్య గారి దగ్గర నిలబడి, ఇంకొక్కసారి పోయి చూస్తానన్నాను. ఆయన విసుక్కుంటారనుకున్నాను.

"పో. ఈతూరి సంచి విప్పొద్దు. పెట్టెను ముట్టుకోకుండా ఒక పూటంతా ఊరికే కూచో. ఆ ఇంట్లో ఏం జరుగుతాందో చూడు" అన్నారు.

నేను విన్న సలహాలన్నిటిలోకీ ఇదే గొప్పది. చేతిలో పనిముట్టు ఉంటే కళ్ళు దాని మీదే ఉంటాయి. అంతకుముందు వెళ్ళిన ప్రతిసారీ నేను మంటను చూశాను, వత్తిని చూశాను, గొట్టాలను చూశాను. వాటి చుట్టూ ఉన్న గదిని చూడనే లేదు.

శుక్రవారం కడుగు

నేను వెళ్ళింది శుక్రవారం. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాను. శెట్టి నన్ను చూసి షాపులోకి తిరిగాడు. కొండమ్మ గారు మాత్రం, ఏందబ్బీ ఊరికే కూచున్నావంటూ మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత చీర చెంగు దోపుకుని ఇల్లు కడగడం మొదలుపెట్టింది. ఒంట్లో బాగాలేకపోయినా శుక్రవారం ఇల్లు కడిగే పని ఆమె ఎవరికీ ఇవ్వదట.

ఆగ్నేయం గదిలో ఫ్రిజ్ వెనకనున్న దక్షిణం గోడ దగ్గర నిలబడి బిందెడు నీళ్ళు కుమ్మరించింది. నేల బేతంచెర్ల బండలు, నున్నగా అద్దంలా ఉంటాయి. నీళ్ళు గోడ దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఫ్రిజ్ అడుగు నుంచి దూసుకొచ్చి, దాని ముందు కాళ్ళ దగ్గర చీలి, ఉత్తరం వైపుకు పోయి, ఈశాన్యం మూలన ఉన్న తూములో పడిపోయాయి. చీపురు పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

నేను చూస్తున్నది కనిపెట్టి ఆమె మురిసిపోయింది. "మా ఇంటాయన దగ్గరుండి పెట్టించినాడు ఈ వాలు. చుక్క నిలబడదు. అంతా ఈశాన్యానికే పోతాది."

నేను లేచి నిలబడ్డాను. ఆ ఫ్రిజ్‌లో మోటారు ఉండదు. మంట వేడికి గొట్టాల్లోని ద్రవం పైకి లేచి, తన బరువుతో తానే కిందికి దిగుతూ తిరగాలి. పెట్టె ఒక పక్కకు ఒరిగితే అది ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. మా షెడ్డు నేల చదును. ఇక్కడ వాస్తు ప్రకారం గది నేలంతా ఉత్తరానికి, ఇంటి ఈశాన్యం మూలవైపు వాలు. దించిన రోజు మా మనుషులు చదును చూసే రసమట్టం పెట్టి చూడకపోలేదు. పెట్టెకు అడ్డంగా పెట్టి చూశారు, సరిగానే ఉంది. ముందు వెనకలుగా పెట్టి చూడలేదు. అద్దంలాంటి బండలు చూసి అందరం నేల చదునే అనుకున్నాం.

సంచి విప్పి రసమట్టం తీసి, ఫ్రిజ్ లోపలి అర మీద ముందు వెనకలుగా పెట్టాను. బుడగ వెనక గోడవైపుకు పరుగెత్తి అక్కడే కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. కంపెనీ పెట్టెలో లోపం లేదు, శెట్టి నూనెలో కల్తీ లేదు. ఆమె కర్నూలు పోనక్కరలేదు.

పీట

పెరట్లోంచి రెండు పలచని బండముక్కలు తెచ్చి ముందు కాళ్ళ కింద పెట్టబోయాను. ఆమె బిందె పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తాండావ్?"

ముందు పక్క కొంచెం ఎత్తితే పెట్టె చల్లబడుతుందని చెప్పాను.

"అది ఉత్తరం పక్క. ఉత్తరం ఎత్తుజేస్తే ఇంటికి మంచిది గాదు. నా సూదిమందు కోసరం నా కొడుకు ఇల్లు చెడాల్నా? పెట్టె వద్దు, ఏం వద్దు. నేను కర్నూలే పోతా."

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. అదంతా మూఢనమ్మకం, ఇవన్నీ వదిలేయండి అని ఉపన్యాసం మొదలుపెడతారు. అలా అని ఉంటే ఆమె ఆ మధ్యాహ్నమే బస్సెక్కేది. నేను ఆ ఇంటికి వెళ్ళింది ఆమె నమ్మకాన్ని బాగు చేయడానికి కాదు, ఫ్రిజ్‌ను బాగు చేయడానికి. నాకు నమ్మకం ఉందా లేదా అన్నది ఎవరికి కావాలి?

బండముక్కలు తీసి బయట పడేశాను. మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఒక ఉపాయం తోచింది.

"అమ్మా, నేలను ముట్టుకోను. రాయి పెట్టను. పెట్టెను పీట మీద కూచోబెడతా. పీటకు దిక్కు అడ్డమొస్తాదా?"

ఆమె ఆలోచించింది. మనం పీట వేసుకుని ఎటు కూర్చున్నా ఇల్లు చెడిపోదు కదా అని తనలో తాను లెక్క వేసుకున్నట్టుంది. తర్వాత నా వంక చూసి కళ్ళు చిన్నవి చేసింది.

"పీటకు ముందర కాళ్ళు రవ్వంత పొడుగు పెట్టిస్తావు, అంతేనా? నాకు తెలీదనుకుంటాండావా? పెట్టించు. నేల జోలికి మాత్రం పోవాకు."

శెట్టి అప్పటిదాకా షాపులోంచి వింటూనే ఉన్నాడు. లేచి వెళ్ళి వడ్రంగిని వెంటపెట్టుకొచ్చాడు. పొద్దు వాలేలోపల టేకు పీట తయారైంది. నలుగురం కలిసి ఫ్రిజ్‌ను ఎత్తి దాని మీద కూర్చోబెట్టాం. ఈసారి రసమట్టం అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు కూడా పెట్టి చూశాను. దీపం వెలిగించి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను.

తెల్లవారాక కొండమ్మ గారే ఫ్రిజ్ తలుపు తెరిచింది. చల్లటి పొగ ఆమె ముఖానికి తగిలింది. మందు సీసా తీసి చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. శెట్టి ఆ ఇంట్లో నాకు మొదటిసారి కాఫీ ఇచ్చాడు. అలాంటి కాఫీ నేను మళ్ళీ తాగలేదు.

తువ్వాలు కింద

వస్తువు సంగతి తేలింది, తప్పు సంగతీ తేలింది. దుడ్ల సంగతి మిగిలింది. దాని కోసం పుల్లయ్య గారు, మద్రాసు ఇంజనీరు ఇద్దరూ ఆళ్లగడ్డ వచ్చారు.

ఇంజనీరు వాదన సూటిగానే ఉంది. పెట్టెలో లోపం లేదని ఇప్పుడు రుజువైంది. లోపం లేకపోతే గ్యారంటీ వర్తించదు. వాలు నేల కొన్నవారిది. కాబట్టి లారీ ఖర్చులు, పరీక్షల కూలి, తన రాకపోకల ఖర్చు అన్నీ కొన్నవారే పెట్టుకోవాలి. పాపం, ఆయన పైన ఉన్నవాళ్ళకు ఏదో ఒకటి చెప్పుకోవాలి. శెట్టి వాదన కూడా సూటిగానే ఉంది. దించి పెట్టింది మీ మనుషులు, నేల ఎట్లుందో చూసుకోవాల్సింది వాళ్ళు. కొత్త అమరిక ఖర్చు తప్పినా, ఈ ఖర్చులన్నీ మీద పడితే ఫ్రిజ్‌ను అమ్ముకోవడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. అంటే కొండమ్మ గారి ప్రయాణం ఇంకా తప్పలేదన్నమాట. గొంతులు పెరిగాయి. షాపు ముందు బజారు జనం చేరారు.

పుల్లయ్య గారికి రెండు చిక్కులు. ఇంజనీరు ముందు ఉత్తినే వదిలేస్తే కంపెనీ ఏజెన్సీ తీసేస్తుంది. జనం ముందు ఒక మాట అంటే ఆళ్లగడ్డలో ప్రతివాడూ అదే మాట మీద పట్టుబడతాడు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నా ఒళ్ళో వేశారు.

ఎద్దుల సంతలో బేరాలు చూసినవాళ్ళకు ఇది తెలుసు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. లోపల అమ్మేవాడు వేళ్ళు చాపుతాడు, కొనేవాడు తడిమి పట్టుకుంటాడు. వేలికి ఇంతని లెక్క. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ బేరం ఆ ఇద్దరికే తెలుస్తుంది. బయటికి చెప్పేది తెగిందా లేదా అన్నది మాత్రమే.

"వీరన్న కూచుంటాడు. వాడు చాపిన వేళ్ళకు నాది మాట. ఏం శెట్టీ, నీకు ఒప్పుదలేనా?" అన్నారు పుల్లయ్య గారు నన్ను చూపిస్తూ.

శెట్టి తలాడించాడు. ఇంజనీరు ఇదేదో ఊరి పద్ధతి అని కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. పుల్లయ్య గారు నా చెవిలో ఏమీ చెప్పలేదు, కన్ను కూడా కలపలేదు. ఎంతకు తెగిందని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. పైవాడు మనల్ని నమ్మడమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే.

నేను వరస ప్రకారమే ఆలోచించుకున్నాను. పెట్టె మంచిదే. నేల కూడా తప్పు కాదు, ఎవరి ఇంటి నేల వాళ్ళ ఇష్టం. ఆ నేల మీద నిలబెట్టడం మా పని, ఆ పని మాకు సగమే వచ్చింది. మనకు సగమే వచ్చిన పనికి ఎదుటివాడు డబ్బు కట్టడం నా ఉద్దేశంలో న్యాయం కాదు. ఇప్పటికీ అదే అంటాను.

తువ్వాలు కప్పాక శెట్టి చెయ్యి నా చేతి కోసం వచ్చింది. చెమటతో తడిసి ఉంది. నేను వేళ్ళన్నీ ముడిచి గుప్పిట పట్టాను. ఆయన వేళ్ళు దాని చుట్టూ తడిమాయి. చాపిన వేలి కోసం పక్క నుంచి చూశాయి, కింద నుంచి చూశాయి. బొటనవేలు దగ్గర ఆగి, అది కూడా లోపలే ఉందని తెలుసుకుని, మళ్ళీ మొదటి నుంచి వెతికాయి. దొరకలేదు. అప్పుడు ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత నా గుప్పిటను రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

"తెగిందా?" అన్నారు పుల్లయ్య గారు.

నేనే తెగిందన్నాను. ఇంజనీరు లేచి టోపీ పెట్టుకున్నాడు. లోపలి గుమ్మంలో కొండమ్మ గారు నిలబడి ఉంది, కొడుకు ముఖం చూసి భయపడినట్టుంది.

"ఎంతకు తెగిందిరా?" అంది.

తువ్వాలు కింద నా చెయ్యి ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది.

"నువ్వు యాడికీ పోయే పనిల్యామ్మా" అన్నాడు శెట్టి.